కుటుంబ సహవాసం వార్షిక నివేదిక, 2024–25

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో సభ్యులందరికీ వందనాలు. నిరుటి సర్వసభ్య సమావేశం నుంచి నేటి వరకు జరిగిన పని మీ ముందు పెడుతున్నాను. మన సంఘంలోని కుటుంబాలు కలిసి వాక్యం చదువుకుని ఒకరినొకరు పలకరించుకునే ఈ సహవాసం ఎందుకు మొదలుపెట్టుకున్నామో మీ అందరికీ తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ఈ ఏడు అధ్యయనానికి ‘ఇల్లు, పేరు’ అన్న అంశం తీసుకున్నాం. నెలకొకటి చొప్పున పన్నెండు కూడికలు అనుకుంటే పది జరిగాయి. వరద రోజుల్లో నర్సాపురం రేవులో గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) ఆపేశారు. సఖినేటిపల్లి వైపు వాళ్లు రాలేరని ఆ రెండూ మానుకున్నాం. వాళ్లు లేకుండా జరుపుదామని కొందరన్నారు, నేనే ఒప్పుకోలేదు.

మొదటి కూడికలోనే వాదన వచ్చింది. తండ్రినైనా తల్లినైనా తనకంటే ఎక్కువగా ప్రేమించేవాడు తనకు తగడని ప్రభువు మత్తయి 10లో చెప్పిన మాటను అడ్డం పెట్టుకుని, అమ్మ ఫోన్ చేసినా ఎత్తడం మానేసిన పిల్లలు మన మధ్య ఉన్నారు. అందుకే పెద్దలు మార్కు 7 చదివించారు. అమ్మానాన్నలకు పెట్టాల్సింది ‘కొర్బాను’, అంటే దేవునికి అర్పితం అని చెప్పి చేతులు దులుపుకున్న వాళ్లను ప్రభువు అక్కడ గట్టిగా గద్దించాడు. సిలువ మీద ఆ బాధలో కూడా తల్లిని ఎవరి ఇంట ఉంచాలో చూసిన ప్రభువు ఆయన. దేవుని పేరు చెప్పి కన్నవాళ్లను వదిలేయడం భక్తి కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ రాత్రి ఒక తమ్ముడు మందిరం మెట్ల మీదే కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు. అవతల ఏమన్నారో నేను అడగలేదు.

పేరు గురించిన కూడికలకు యౌవనస్తులు బాగా వచ్చారు. డిగ్రీ చదివే ఒక అబ్బాయి లేచి, “బడిలో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకో పేరు. ఇంతకీ నేనెవర్నండీ?” అని అడిగాడు. అది ఒక్కడి ప్రశ్న కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి వర్గం కిందికి వస్తాయి. అడ్మిషన్ ఫారంలో కులం కాలమ్ దగ్గరికి వచ్చేసరికి మన పిల్లల పెన్ను ఆగిపోతుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. బబులోనులో దానియేలుకు బెల్తెషాజరు అని పేరు పెట్టినా అతని ప్రార్థన మారలేదని ఆ రోజు చదువుకున్నాం. పరదేశమైన మోయాబు నుంచి రూతు బేత్లెహేము వచ్చి కోడలిగా స్థిరపడ్డాక కూడా వాక్యం ఆమెను ‘మోయాబీయురాలైన రూతు’ అనే పిలుస్తుంది. పుట్టింటి గుర్తు చెరపలేదు, అయినా ప్రభువు వంశావళిలో చోటిచ్చింది. ఈ సంగతి నాకూ ఈ ఏడే తట్టింది. “పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను, నీవు నా సొత్తు” అన్న యెషయా మాటను ఆ అబ్బాయి తన నోట్‌బుక్ అట్ట మీద రాసుకున్నాడు.

ఇక నవంబరులో జరిగిన కుటుంబ బైబిళ్ల సాయంత్రం గురించి. సహవాసం పెట్టిన నాటి నుంచి ఇంత మంచి కార్యక్రమం జరగలేదని పెద్దలే అన్నారు. మన ఇళ్లలో పాత బైబిలు ముందున్న ఖాళీ కాగితాల మీద పుట్టుకలు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ప్రభువు నందు నిద్రించిన వారి తేదీలు రాసుకోవడం తాతల నాటి అలవాటు. ఆ బైబిళ్లు తీసుకు రమ్మన్నాం. ఇరవై వస్తే గొప్ప అనుకుంటే బల్లలు చాలలేదు. వరద నీటికి తడిసి అట్టలు ఉబ్బినవి, పాత చీర ముక్కలో చుట్టినవి, వెన్నుకు సైకిల్ ట్యూబు అతికించినవి.

ముందుగా ఒక పెద్దాయన మన మూలాలు చెప్పారు. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్, వాళ్ల భార్యలు ఈ గోదావరి డెల్టాలో సువార్త చెప్పారు. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టే రోజుల్లో అక్కడి కూలీల మధ్యకు కూడా సువార్త వెళ్లింది. “నమ్ముకున్నందుకు ఇంట్లోంచి వెళ్లగొట్టిన వాళ్లకు సంఘమే ఇల్లయింది. సహోదరుడు, సహోదరి అని మనం ఊరికే అనుకోవడం లేదు” అన్నారాయన.

తర్వాత లేసు అల్లే ఒక మామ్మగారు తన బైబిలు తెరిచారు. పిల్లల పేర్ల వరుసలో మూడోది నీలి సిరాతో కొట్టేసి ఉంది. తమకు ఇష్టం లేని పెళ్లి చేసుకున్నాడని తండ్రే ఆ పేరు కొట్టేశారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ కొడుకు, కోడలు, వాళ్ల పాప వెనక వరుసలో కూర్చుని ఉన్నారు, మామ్మగారే కబురు పెట్టి రప్పించుకున్నారు. కొట్టివేత చెరపనివ్వలేదు ఆవిడ. “మీ తాత చేతిరాత, ఉండనీ. దాని కింద రాయి” అని పెన్ను మనవరాలి చేతికిచ్చారు. పాప నాన్న పేరు రాసి, అమ్మ పేరు రాసి, “నాది కూడానా మామ్మా?” అంది. సన్న సూదితో గంటల తరబడి లేసు అల్లినా వణకని ఆవిడ చెయ్యి పాప భుజం మీద వణకడం నేను పక్కనుండి చూశాను.

కువైట్‌లో ఇంటి పని చేస్తున్న ఒక సోదరి వీడియో కాల్‌లో కలిసింది. మనకు సాయంత్రం ఆరు, అక్కడ మధ్యాహ్నం మూడున్నర. వంటగదిలో నిలబడి గొంతు తగ్గించి తన కూతురికి కీర్తన 121 చదివి వినిపించింది. తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్ల ఫోన్‌ని చెవికి కాకుండా గుండెకి ఆనించుకుని వింది. గల్ఫ్‌కి వెళ్లిన తల్లుల పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న ఇళ్లు మన వీధుల్లో ఎన్ని ఉన్నాయో మీకు నేను లెక్క చెప్పక్కర్లేదు.

ఆ ఇళ్లను వారం వారం పలకరించడానికే సందర్శన బృందం వేశాం. నిరుడు ఇదే సభలో పద్నాలుగు మంది చేతులెత్తి పేర్లిచ్చారు. వర్షాలు వచ్చేసరికి అయిదుగురు మిగిలారు. ఉద్యోగాలు, పంట పనులు నాకూ తెలుసు. రాలేమని ఒక మాట చెబితే సరిపోయేది. మధ్యాహ్నం నుంచి వాకిట్లో కుర్చీలు వేసుకుని ఎదురుచూసిన ముసలివాళ్లకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది నాకు. ఆ అయిదుగురిలో నలుగురు స్త్రీల సమాజం వాళ్లే అని కూడా ఇక్కడ రాయాలి. ఒక అమ్మాయి జనన ధృవపత్రంలో పేరు సరిచేయించడానికి ఒక కార్యాలయం చుట్టూ ఆరుసార్లు తిరిగాం. ప్రతిసారీ రేపు రమ్మన్నారు. పని ఇంకా కాలేదు.

సంఘ పెద్దలకు, సేవకులకు, పులిహోర, కేసరి నూటయాభై మందికి వండిన అమ్మలకు, షామియానా అద్దె వదిలేసిన సోదరునికి, మైకు సెట్ చూసిన యౌవనస్తులకు, చీకటి పడినా మన వాళ్ల కోసం కాసేపు ఆగిన పంటు సిబ్బందికి, వృద్ధులను ఇంటింటికీ దింపిన ఆటో సోదరులకు, తడిసిన బైబిళ్లకు కూలి తీసుకోకుండా అట్టలు వేసిచ్చిన పెద్దాయనకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక మందిరం నోటీసు బోర్డు మీద ఉంది, ఇద్దరు పెద్దలు సరిచూసి సంతకం చేశారు. కొద్దిగా నిల్వ ఉంది, అప్పు లేదు.

సందర్శన బృందానికి కొత్త జాబితా కాగితం వెనక బల్ల మీద పెట్టాను. వారంలో ఏ రోజు రాగలరో పేరు పక్కనే రాయండి. పంటు చార్జీ సహవాసమే పెట్టుకుంటుంది.

ప్రభువు నందు మీ సహోదరుడు,
కార్యదర్శి