గండికోటలో తాడు కట్టేదెక్కడ?

సంపాదకులకు,

మాది జమ్మలమడుగు. ఆదివారాలు తాళ్లు, హెల్మెట్లు సర్దుకుని, లోయ రాతిగోడలెక్కడానికి గండికోటకు పోతుంటాం. పెన్నా కోసిన ఆ ఎర్రటి గోడ వేళ్లకు గరుగ్గా, గట్టిగా పట్టునిస్తుంది, మధ్యాహ్నమైతే పెనమే. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికొచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే, కోటకు చేరే దారి ఇరుకనీ, మహా కష్టమనీ రాశాడు.

మా తిప్పలూ దారి గురించే. పోయిన నెల ఎక్కడానికి అనుమతి అడిగితే ఒక ఆఫీసువాళ్లు ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడివాళ్లు మళ్లీ మొదటిదానికే పంపారు. సాయంత్రానికి టీల ఖర్చు మిగిలింది. తాడు కట్టుకున్న మాకు ఇన్ని ప్రశ్నలా? తాడూ గీడూ లేకుండా అంచున సెల్ఫీలకు వంగేవాళ్లను అడిగే దిక్కు లేదే!

కోట గోడల మీద, జామియా మసీదు, మాధవరాయస్వామి గుడి దరిదాపుల్లో మేం ఒక్క మేకు కొట్టం. వాటికి దూరంగా ఎక్కడ ఎక్కవచ్చో హద్దులు చూపించి, అనుమతి ఒకేచోట ఇప్పించండి. పక్షులు గూళ్లు పెట్టే నెలల్లో ఆ వైపు పోకూడదంటే దానికీ సిద్ధమే.

— ఒక పాఠకుడు, జమ్మలమడుగు