హే రివర్ నుంచి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

మేము ఇక్కడ క్షేమం. మీరూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. "అంత చలిలో, ఆ చిన్న ఊళ్లో ఏముందిరా?" అని మీరు అడిగారు. ఫోనులో తేలే మాట కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మూడువేల పైచిలుకు జనం ఉన్న ఈ హే రివర్ ఊరు కెనడా వాయవ్య భూభాగాల్లో, గ్రేట్ స్లేవ్ సరస్సు దక్షిణపు ఒడ్డున ఉంది. మన కొల్లేరు చాలా చోట్ల నిలువెత్తు లోతుకు మించదు కదా. ఈ సరస్సు మాత్రం తూర్పు కొసన 614 మీటర్ల లోతు ఉంటుంది. ఉత్తర అమెరికాలో ఇంతకన్న లోతైన సరస్సు లేదు. చలికాలపు రాత్రులలో ధ్రువకాంతులు కనిపిస్తాయి గాని, ఆ ఫోటోలు తమ్ముడు మీకు ఈపాటికే చూపించి ఉంటాడు.

మీరు చూడవలసింది మంచు కింద వల వేసే పని. గడ్డకట్టిన సరస్సుకు రంధ్రం చేసి, జిగ్గర్ అనే చెక్కపలకను తాడు కట్టి నీటిలోకి దించుతారు. అది తేలి మంచు అడుగు భాగానికి ఆనుకుంటుంది. తాడు లాగి వదిలినప్పుడల్లా దానికున్న ఇనుప కొస మంచును తన్ని పలకను ముందుకు నెడుతుంది. పైన ఒకరు ఆ చప్పుడు వింటూ వెంట నడిచి, అది ఆగిన చోట మరో రంధ్రం తవ్వి తాడు అందుకుంటారు. ఆ తాడుకే వల కట్టి లాగుతారు. పడేది ఎక్కువగా వైట్‌ఫిష్. ముళ్లు తక్కువ, పులుసుకు బాగానే ఉంటుంది, కాకపోతే మన కొర్రమేను రుచి రాదు.

ఊరిని ఆనుకున్న నది ఉత్తరానికి పారుతుంది. వసంతంలో ఎగువన మంచు ముందుగా విరిగి కొట్టుకువచ్చేసరికి, దిగువన సరస్సు ఇంకా గడ్డకట్టే ఉండటం వల్ల ఆ గడ్డలు నదీముఖం దగ్గర అడ్డుపడి నీరు ఎగదన్నుతుంది. 1963 వరద తరువాత ఊరిలో చాలా భాగాన్ని నదీముఖం దగ్గరి దీవి మీదినుంచి మెరకకు మార్చి కట్టుకున్నారు. 2022 మేలో ఊరంతా ఖాళీ చేయవలసి వచ్చింది, మరుసటి ఏడు కార్చిచ్చు వల్ల మళ్లీ అదే పరిస్థితి. అయినా ఎక్కువమంది తిరిగివచ్చి ఇళ్లు బాగుచేసుకున్నారు. ఆ పట్టుదలే నన్ను ఇక్కడ నిలిపింది.

జూన్‌లో రాత్రి పదకొండుకు కూడా దీపం లేకుండా చదువుకోవచ్చు. వేసవిలో రేవు దగ్గర శనివారపు సంతకు ఇక్కడి ఆదివాసులైన డెనే వారు, జాలరులు, మాలాంటి పరాయి ఊరివాళ్లు అందరూ చేరతారు.

జూలైలో రండి. అమ్మకు శాలువా చాలదు, స్వెట్టరు తప్పనిసరి. దోమలు మాత్రం మన ఊరి వాటికి ఏమాత్రం తీసిపోవు. వీసా కాగితాలు ఈ వారమే పంపిస్తాను.

ఇట్లు,
మీ పెద్దబ్బాయి