పొలానికి బస్సు నిండా పిల్లలు వద్దు

సంపాదకులకు నమస్కారం.

జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్‌) లెక్కన ఒక్కో విద్యార్థి ఏడాదికి 120 చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఈ గంటలు పూర్తి చేయించడానికి హైదరాబాద్‌ కాలేజీలు కొన్ని మొయినాబాద్‌, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపున్న స్వచ్ఛంద సంస్థల పొలాలకు శనివారాల్లో బస్సులు పంపుతున్నాయి. ఇక్కడ పండే కూరగాయలు అనాథాశ్రమాలకు, వృద్ధాశ్రమాలకు వెళ్తాయి కాబట్టి అది సేవే, కాదనం. అయితే అరవై మంది పదిన్నరకు బస్సు దిగి, ఒంటిగంటకు భోంచేసి, పార పట్టుకుని ఫొటో దిగి వెళ్లిపోతే పొలానికి మిగిలేది తొక్కుడుపడ్డ మడులే. వాన పడిన మర్నాడు నల్లరేగడి మడిలో నలుగురు నడిచినా చాలు, మట్టి గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు. ఇలాంటి పొలాల్లో విద్యార్థుల చేత పని చేయించేవాళ్లం కాబట్టి రెండు మూడు విషయాలు చెప్పాలనిపించింది.

మొదటిది, వేళ. పాలకూర, గోంగూర పొద్దెక్కకముందే కోయాలి. ఎండలో కోసిన ఆకు కట్ట కట్టేలోపే వాడిపోతుంది. నారు నాటేది సాయంత్రం నాలుగు దాటాక. అంటే కాలేజీ బస్సు వచ్చే వేళకు పొద్దుటి పని అయిపోయి ఉంటుంది, సాయంత్రం పని ఇంకా మొదలవదు. ఆ టైముకే రావాలంటే నీడలో కూర్చుని చేసే పనులు ఎంచుకోవాలి. అవేం తక్కువ పనులు కావు.

ఉదాహరణకు కొత్తిమీర విత్తనం. ధనియం ఒక్కటిగా కనిపించినా లోపల రెండు గింజలుంటాయి. పలక మీద పోసి చెక్కతో మెల్లగా రుద్దితే రెండు బద్దలవుతుంది. అలా చేయకుండా చల్లితే మొలక ఆలస్యమవుతుంది, అక్కడొకటి ఇక్కడొకటి వస్తుంది. గట్టిగా రుద్దితే గింజే నలిగిపోతుంది. ఇద్దరు కూర్చుంటే ఒక మడికి కావలసిన విత్తనం అరగంటలో తయారవుతుంది. తోటకూరది ఇంకో తంటా. ఇసుక రవ్వంత ఉండే ఆ విత్తనాన్ని పదింతల ఇసుకలో కలిపి చల్లాలి, పైన పలచగా మట్టి చల్లితే చాలు. లోతుగా కప్పేస్తే మొలక పైకి రాలేదు.

నారు పెంచే 98 గుంతల ప్లాస్టిక్‌ ట్రేల్లో (ప్రోట్రేలు) టమాటా, మిర్చి విత్తనం పెట్టడం కూడా నీడ పనే. కొబ్బరి పొట్టును తడిపి నింపాలి గానీ అదిమి కుక్కకూడదు. గుంతకు ఒకే గింజ, అర సెంటీమీటరు లోతు. ట్రేలు ఒకదానిపై ఒకటి పేర్చి పాలిథిన్‌ కప్పుతారు. మొలక కనిపించిన రోజే వాటిని విడదీసి వెలుతురులో పరచాలి. శనివారం పేర్చిన ట్రేలను మళ్లీ శనివారం చూద్దామనుకుంటే లోపల తెల్లగా, దారాల్లా సాగిన మొక్కలుంటాయి, అవి పనికిరావు. కాబట్టి పెట్టే పని విద్యార్థులదైనా, వారం మధ్యలో విడదీసేది ఎవరో ముందే తేల్చుకోవాలి.

ఇక నాటడం. పాతిక, ముప్పై రోజుల నారును తీసే ముందు ట్రే తడపాలి. కింది నుంచి వేలితో నెడితే వేరు ముద్ద చెదరకుండా వస్తుంది. కాండం పట్టి లాగితే తెగిపోతుంది, లేదా వేరు సగం ట్రేలోనే ఉండిపోతుంది. మడిలో తీసిన గుంత చిన్నదై వేరు పైకి మడత పడినా ఆ మొక్క ఎదగదు. టమాటాకు వరుసల మధ్య 60, మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు వదలాలి. ఈ కొలతకు కర్ర ముక్క నరికి చేతికిస్తే సరిపోతుంది. చెయ్యి బారతో కొలిస్తే ఒక్కొక్కరిది ఒక్కో లెక్క.

కలుపు తీయడం ఎవరైనా చేస్తారులే అనుకుంటారు, పొరపాటు. తుంగను ఆకు పట్టి లాగితే తెగి చేతికొస్తుంది, గడ్డ భూమిలోనే ఉంటుంది, వారం తిరక్కుండానే మళ్లీ లేస్తుంది. నీళ్లు పెట్టిన మర్నాడు ఖుర్పీతో గడ్డతో సహా తవ్వాలి. ముళ్ల తోటకూర చిన్నప్పుడు అచ్చం కూర తోటకూరలాగే ఉంటుంది, తేడా చూపించకుండా వదిలేస్తే పైరూ పోతుంది. వయ్యారిభామ వేరే సంగతి. పూత రాకముందు పీకింది కంపోస్టు గుంతలో వేయొచ్చు. పూత వచ్చాక వేస్తే గింజ ఎరువుతో పాటు పొలమంతా చేరుతుంది. దాన్ని ఉత్త చేతులతో ముట్టుకుంటే కొందరికి ఒళ్లు దద్దుర్లు వస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లల్ని ఆ పనికి అసలు పెట్టకూడదు. గ్లవ్స్‌, పొడుగు చేతుల చొక్కా తెచ్చుకోమని కాలేజీ ముందే చెప్పాలి. బెండ తోటలోనూ నూగు దురదకు అవే రక్ష.

విద్యార్థులు ఎక్కువ ఇష్టపడేది జీవామృతం, అంటే పేడ, మూత్రం పులియబెట్టి నేలకు పోసే ద్రావణం కలపడం. ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్‌ పాలేకర్‌ పద్ధతిలో ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. పిండిని విడిగా కొద్ది నీళ్లలో కలిపి పోయకపోతే ఉండలు కడుతుంది. డ్రమ్ము మీద గోనె కప్పాలి, మూత బిగించకూడదు, లోపల గాలి పుడుతుంది. రోజుకు రెండు పూటలు కలుపుతూ నీడలో 48 గంటలు ఉంచి, వారంలోపు వాడేయాలి. నల్లా నీళ్లయితే క్లోరిన్‌ పోయేలా ముందు రాత్రే పట్టి ఉంచాలి, సూక్ష్మజీవుల కోసం చేసేదాంట్లో వాటిని చంపేది పోస్తే ఏం లాభం? ఇంకో మాట. రెండు మడతల బట్టలో వడకట్టకుండా డ్రిప్‌ (బిందు సేద్యం) పైపుల్లోకి వదిలితే డ్రిప్పర్లు పూడుకుపోతాయి.

డ్రిప్‌ అంటే గుర్తొచ్చింది, గుంపు వచ్చిన రోజు పారలు తగిలి 16 ఎంఎం పైపులు తెగని శనివారం అరుదు. అది తప్పని కాదు, చెప్పకపోవడమే నష్టం. తెగిన చోట నీళ్లు పారిపోయి వరుస చివరి మొక్కలకు అందవు, రెండు రోజుల ఎండకు అవి ఎండిపోయాకే మనకు తెలుస్తుంది. తెగిన రెండు కొసల్నీ కత్తెరతో తిన్నగా కోసి, జాయినర్‌ పెట్టి, చివరి మూత తీసి మట్టి బయటికి కొట్టుకుపోయేదాకా నీళ్లు వదలాలి. ఐదు నిమిషాల పని. ఇది వచ్చిన విద్యార్థి మాకు పది మందితో సమానం.

చెప్పులతో వచ్చే పిల్లల్ని పొలంలోకి పంపం, ఇందులో మొహమాటం లేదు. ఎండు ఆకుల కింద, రాళ్ల కుప్పల్లో తేళ్లు, కట్లపాములు, రక్తపింజరలు ఉండొచ్చు. పాము కరిస్తే తాడుతో బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్‌ చేయాలి. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో విరుగుడు మందు ఉందో బస్సు బయల్దేరకముందే కనుక్కోవాల్సింది వెంట వచ్చే అధ్యాపకులు.

మేం కోరేది ఇదీ. అరవై మందిని ఒక్కసారి పంపే బదులు ఎనిమిదేసి మందిని, ప్రతిసారీ వాళ్లనే పంపండి. పనివాళ్లలో ఒకరు ఎనిమిది, పది మందికి మించి చూసుకోలేరు. ఒక్కో జట్టుకు ఒక మడి ఇస్తాం. పంట మాత్రం పాలకూర, తోటకూర, మెంతి. నెల, నెలన్నరలో కోతకొస్తాయి, సెమిస్టర్లో రెండు దఫాలు విత్తి, కోసి చూడొచ్చు. టమాటా, బెండ వద్దు. టమాటా సెమిస్టర్‌తో పాటు ముగియదు. బెండను రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరి పీచు కడుతుంది, శనివారం జట్టుతో అది కుదరదు. కోత రోజైనా బస్సు పొద్దున ఐదున్నరకు బయల్దేరాలి. అది కష్టమైతే ఏడు రోజుల ప్రత్యేక శిబిరాన్ని పొలంలోనే పెట్టుకుంటే పొద్దుటి కోత, సాయంత్రం నాటు రెండూ చేతికొస్తాయి.

సర్టిఫికెట్‌లో గంటలతో పాటు ఏ మడి, ఏ పంట, ఎన్ని కిలోలు, ఏ పని సొంతంగా చేయగలరు అనేవి కూడా రాయనివ్వండి. పరీక్షల తేదీలు సెమిస్టర్‌ మొదట్లోనే పంపితే, ఆ వారాల్లో కోతకొచ్చేలా ఏ మడీ విత్తకుండా మేం చూసుకుంటాం.

– స్వచ్ఛంద వ్యవసాయ క్షేత్ర నిర్వాహకులు, మొయినాబాద్‌