గన్నేరు కొమ్మలు పంపిస్తున్నా

చి.సౌ. సుమతికి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాయన మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. ఫోన్ ఎత్తకపోతే ఉత్తరం రాస్తానన్నాను కదా, రాస్తున్నా.

బాల్కనీలో ఎండకు ఏ మొక్కా నిలవడం లేదన్నావు. అందుకే గన్నేరు కొమ్మలు కోసిపెట్టాను. జానెడు పొడవు, పెన్సిల్ లావు. కింది ఆకులు తీసేసి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చు. వేరు పట్టేదాకా తడి ఆరనివ్వకుండా నీడలో ఉంచు, తర్వాత ఎండకు మార్చు. నీడలోనే ఉంచేస్తే ఆకులే మిగులుతాయి. నిలదొక్కుకున్నాక, ఆఫీసు హడావిడిలో రెండు రోజులు నీళ్ళు మరిచినా ఏం కాదు. ఆఫీసంటే గుర్తొచ్చింది, నువ్వు ఉద్యోగం మానేశావని ధర్మవరం అత్త ఎవరితోనో అందట. నేనైతే నమ్మలేదు.

మన జిల్లాలో పడేదే ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. అందులోనూ ఇది పచ్చగానే ఉంటుంది. ఆకు అడుగున సన్నటి గుంటలుంటాయి, వాటిలో నూగు. శ్వాసరంధ్రాలు అందులో దాక్కోవడంతో తేమ తొందరగా పోదని మీ నాయన పాఠం చెప్పాడు. 44వ నంబరు హైవే మధ్యలో వరుసగా చూస్తావు గదా, ఎదుటి బండ్ల లైట్లు కళ్ళలో పడవు, పశువులు ముట్టవు.

ముట్టవంటే మళ్ళీ ఎదురింటి దూడ గుర్తొస్తుంది. నువ్వప్పుడు కడుపులో ఉన్నావు. మీ అవ్వ గోడవార పొదను కత్తిరించి కొమ్మలు దిబ్బమీద వేయించింది. పచ్చి ఆకు చేదు, ఏ పశువూ నోట పెట్టదు. ఎండితే ఆ చేదు తెలియదు, విషం మాత్రం అలాగే ఉంటుంది. పొద్దున ఆ దూడ మేసింది. మధ్యాహ్నానికి సొంగ కార్చి, కాళ్ళు తడబడి కూలబడింది. డాక్టరు వచ్చేసరికే పోయింది, గుండెకు పట్టే విషమన్నాడు. మీ అవ్వ ఎవరూ అడక్కుండానే మన దూడను తోలుకెళ్ళి వాళ్ళ గాట్లో కట్టేసొచ్చింది. మీ నాయన నెలంతా సణిగాడు. పొద పెరికేయమని అందరూ అన్నారు. శివుడికి పూలు మీరు తెస్తారా అని ఒక్కమాట అంది. ఇవి ఆ పొద కొమ్మలే.

కాబట్టి బుజ్జిగాడికి అందనంత ఎత్తున పెట్టు. ఆకుగానీ పువ్వుగానీ వాడి నోట్లోకి పోకూడదు. కొమ్మ తుంచితే రసం కారుతుంది, ఆ చేత్తో కళ్ళు నలుపుకోకు, సబ్బుతో కడుక్కో. చెత్త కాల్చొద్దు, పొగా మంచిది కాదు. చిగుళ్ళకు పసుపు పేనుబంక పడితే నీళ్ళు గట్టిగా చిమ్ము, చాలు.

మానేస్తే మానేశావు, పిల్లాడి కోసమైతే నేను తప్పనను. కానీ ఇంటి లోను ఉంది, ఇంకొకటి చేతిలో పెట్టుకుని మానాలి గదా? చదువుకున్నదానివి, నేను చెప్పాలా! సరే, చెప్పనులే. అల్లుడుగారికి తెలుసా?

శుక్రవారం రైలుకు మామ వస్తున్నాడు. కొమ్మలు తడి గోనెలో చుట్టి ఇస్తున్నా. చెనక్కాయల పొడి వేరే సంచిలో ఉంది, రెండూ ఒకచోట పెట్టకు. డబ్బా తిరిగి పంపు. ఉద్యోగం సంగతి నాకు చెప్పకపోయినా మామకైనా చెప్పు.

అమ్మ