ఆ నీళ్లకు ఆ రంగు ఎలా వచ్చిందో కూడా రాయండి

సంపాదకుల వారికి,

దీవుల పర్యటనల గురించి మీ ఆదివారం పేజీల్లో వచ్చే ఫొటోలు చాలా బాగుంటున్నాయి. కానీ ఆ సముద్రానికి ఆ రంగు ఎలా వచ్చిందో, ఆ ఒడ్డున ఎవరు బతుకుతున్నారో ఒక్క ముక్క కూడా ఉండటం లేదు. అలాంటి ఒక పగడపు దీవిలో మంచి ఎండలో రోజంతా తిరిగాను కాబట్టి ఇది రాయాలనిపించింది.

ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు చూడాలి ఆ నీళ్లని! ఒడ్డు దగ్గర అసలు రంగే ఉండదు, కాస్త లోపలికి లేత పచ్చ, ఆపైన నీలిపచ్చ, పగడపు దిబ్బ దాటగానే ఒక్కసారిగా ముదురు నీలం. వెలుగులో ఎరుపును నీళ్లు ముందే పీల్చేసుకుంటాయి, లోతు తక్కువున్న చోట అడుగునున్న తెల్లటి ఇసుక మిగతా వెలుగుని పైకి తిప్పి పంపుతుంది. ఆ ఇసుకలో చాలావరకు పగడాల పొడే, ప్యారట్‌ఫిష్ అనే చేపలు పగడపు రాతిని కొరికి నమిలి విసర్జించింది కూడా అందులో ఉంటుంది. అంటే దిబ్బ బతికుంటేనే ఆ బీచ్. పెద్ద అలల్ని విరిచి ఊరిని కాపాడేదీ ఆ దిబ్బే.

మాతో వచ్చిన ఒకాయన ఫొటో కోసం పగడాల మీదికి ఎక్కబోతే, పడవ నడిపే పెద్దాయన కసురుకోలేదు, గోడెక్కే పిల్లాడిని దింపినట్టు చెయ్యి పట్టుకుని దింపాడు. అక్కడి బావుల్నీ అంతే జాగ్రత్తగా చూసుకోవాలి. ఇలాంటి దీవుల్లో ఇసుకలోకి ఇంకిన వాననీరు ఉప్పునీటి మీద పొరలా తేలుతుంటుంది, ఎక్కువ తోడితే కిందనున్న ఉప్పునీరు పైకొచ్చేస్తుంది. రిసార్టులో స్విమ్మింగ్ పూల్ ఉందా అని అడిగేవాళ్లకి ఇది తెలియాలి కదా!

సముద్రం వేడెక్కితే పగడాలు తమకు తిండీ రంగూ ఇచ్చే సూక్ష్మమైన నాచుని బయటికి నెట్టేసి తెల్లబడతాయి, వేడి చాలాకాలం తగ్గకపోతే చచ్చిపోతాయి. ప్రపంచవ్యాప్తంగా ఇలా జరగడం ఇది నాలుగోసారని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పసిఫిక్ మహాసముద్రంలోని పలావు (Palau) అనే చిన్న దీవుల దేశం, తమ దగ్గరికి వచ్చే పర్యాటకుల పాస్‌పోర్టులోనే ప్రకృతికి హాని చేయబోమనే ప్రమాణాన్ని 2017 నుంచి ముద్రవేసి సంతకం తీసుకుంటోంది, పగడాలకు హాని చేస్తాయన్న రసాయనాలుండే సన్‌స్క్రీన్లని 2020 నుంచి నిషేధించింది.

అందుకే అడుగుతున్నాను, ప్రతి దీవి ఫొటో పక్కనా చిన్న బాక్స్ కట్టండి. పగడాల మీద నిలబడొద్దు, గవ్వలూ పగడాలూ ఏరి తేవొద్దు, ఎండకి క్రీముల కన్నా నిండు చేతుల చొక్కా మేలు, నీళ్లు పొదుపుగా వాడాలి అని. వచ్చే వేసవి సెలవుల పేజీల్లో హోటళ్ల జాబితా కొంచెం తగ్గించైనా దానికి చోటివ్వండి.

– ఒక పాఠకురాలు