మద్దిలపాలెం జిరాక్స్ షాపు బాబాయ్‌గారికి

నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. పొద్దున్న రాద్దాంలే అనుకుంటే పొద్దున్నకి సిగ్గొచ్చేస్తుంది. అందుకే రాత్రి ఒంటిగంట దాటినా ఈ థాంక్స్ ఇప్పుడే రాస్తున్నాను.

పాప పుట్టాక నాలుగేళ్లు ఉద్యోగం లేదు. మళ్లీ మొదలుపెడదామని తిరుగుతుంటే ఒక కంపెనీ వాళ్లు పిలిచారు. ఇంటర్వ్యూకి ముందు అసైన్‌మెంట్ అన్నారు. చిన్న వెబ్ అప్లికేషన్ రాసి, సర్వర్ మీద పెట్టి, ఎవరు నొక్కినా తెరుచుకునే లింకు సోమవారం పదింటికల్లా పంపాలి. చెప్పింది గురువారం సాయంత్రం. సర్వర్ ఖర్చు ఎవరిదండీ అని అడిగితే "ఫ్రీవి బోలెడు ఉంటాయి కదా మేడమ్" అన్నారు, చాలా తేలిగ్గా.

నా లాప్‌టాప్ 4 జీబీది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఫ్యాను ఊళ పెడుతుంది. సర్వర్ ఒక్కటే కాదు, పని చేసుకోడానికి మెషీన్ కూడా కావాలి. ఫ్రీ వీపీఎస్ (అద్దెకిచ్చే సర్వర్), ఫ్రీ ఆర్‌డీపీ (దూరం నుంచి వాడుకునే విండోస్ మెషీన్) అని వెతికాను. "కార్డు అక్కర్లేదు, జీవితాంతం ఉచితం" అని వందల వీడియోలు. ఒకదాని కింద టెలిగ్రామ్ ఛానెల్ ఉంది. చేరగానే ఒక ఐపీ (మెషీన్ చిరునామా), ఒక యూజర్ పేరు, ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. లాగిన్ అయితే నిజంగానే విండోస్ తెర వచ్చింది, నా లాప్‌టాప్ కన్నా ఎంతో చురుగ్గా ఉంది. ఆనందం పట్టలేకపోయాను.

బ్రౌజర్ తెరిస్తే అందులో ఎవరిదో మెయిల్ తెరిచే ఉంది. గబుక్కున మూసేశాను. మెయిల్ మూశాను గానీ మెషీన్ వదల్లేదు, నిజం చెప్తున్నాను. మధ్యలో రెండుసార్లు ఎవరో లాగిన్ అయ్యి నన్ను బయటికి నెట్టేశారు, మళ్లీ దూరాను. కోడ్ రాశాను, రెజ్యూమ్ దిద్దుకున్నాను, నా కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ పాస్‌వర్డ్ కూడా అందులోనే కొట్టాను. తెల్లవారుజామున నీళ్లు తాగొచ్చి చూస్తే మెషీన్ లేదు. ఛానెల్లో అడిగితే నన్నే తీసేశారు.

శుక్రవారం సాయంత్రం రెజ్యూమ్ ప్రింటుకని పాపని తీసుకుని మద్దిలపాలెంలో ఒక జిరాక్స్ షాపుకెళ్లాను. పెన్ డ్రైవ్ పెట్టారు. ఫైల్ పేరు అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది, దిద్దిన రెజ్యూమ్ కూడా ఆ మాయమైపోయిన మెషీన్‌లోనే ఉంది. అంతమంది మధ్యలో, లామినేషన్ కోసం ఆధార్ పట్టుకుని నిలబడ్డవాళ్ల ముందు, ఏడ్చేశాను.

షాపాయనకి యాభై అయిదు దాటి ఉంటాయి. "ఏటమ్మా, ఏటయింది? ఏ మెషీన్లో పెట్టారు?" అన్నారు. ఆన్‌లైన్లో ఫ్రీగా వచ్చిందండీ అన్నాను. ఆయన మొహం మారిపోయింది. లామినేషన్ మెషీన్ ఆపేసి, ఒక స్టూలు నా వైపు జరిపి, కీబోర్డు తిప్పి పెట్టారు.

"ముందు పాస్‌వర్డ్‌లు మార్చండమ్మా. ఏడుపు తర్వాత."

నేను కొడుతున్నంతసేపూ గోడకున్న క్యాలెండర్ వైపు తిరిగి నిలబడ్డారు. గిట్‌హబ్, మెయిల్, అన్నిటికీ రెండో తాళం, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకోసారి మనమేనా అని అడిగేది, పెట్టించారు. తర్వాత చెప్పారు. ఇలాంటివి చాలావరకు గిట్‌హబ్‌లో కోడ్ పరీక్షించుకోడానికి ఇచ్చే తాత్కాలిక మెషీన్లట. రూల్సుకి విరుద్ధంగా వాటిని డెస్క్‌టాప్‌లా మార్చి పంచుతారట. అక్కడ ఒక జాబ్ (ఒక విడత పని) 6 గంటలకి మించి నడవదు, ఆ తర్వాత అంతా తుడిచిపెట్టుకుపోతుంది. అదే పాస్‌వర్డ్ ఎంతమందికి ఇచ్చారో ఎవరికీ తెలీదు. "మీరు ఇంకొకరి మెయిల్ చూశారంటే, మీ తర్వాత వచ్చినోళ్లు మీది చూసుంటారు కదమ్మా." నాకు అప్పుడు చెమట పట్టింది.

ఆయన వెనకటికి ఒక షిప్పింగ్ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవారట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి కిటికీలు పగిలి సర్వర్ వానలో నానిపోయింది. ముందురోజు ఎందుకో అనుమానమొచ్చి బ్యాకప్ డిస్కు క్యారేజీ సంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లారట. ఆ కథ శనివారం నాకు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ విన్నాను.

శనివారం రాత్రి షట్టర్ సగం దించి నా పని పెట్టుకున్నాం. ఉచిత సర్వర్ ఇచ్చేవాళ్లు ముందు కార్డు అడుగుతారు. నా దగ్గరున్నది రూపే డెబిట్ కార్డు, అప్పటికే అలాంటి రెండు కంపెనీలు వద్దన్నాయి. మా మరిది తన క్రెడిట్ కార్డు వివరాలు, ఓటీపీ చెప్పాడు. గూగుల్ వాళ్లు సర్వర్లు అద్దెకిచ్చే గూగుల్ క్లౌడ్‌లో ఈ2-మైక్రో అనే చిన్న సర్వర్ ఉచితం. అదీ అమెరికాలో మూడుచోట్ల పెట్టుకుంటేనే: ఒరెగాన్, అయోవా, సౌత్ కరోలినా. ముంబై అని పెడితే మీటరు తిరుగుతుంది. 30 జీబీ డిస్కు ఉచితమే గానీ దాని రకం 'స్టాండర్డ్' అని మార్చుకోవాలి. ఆ ఒక్క గడి దగ్గర ఆయన నా చేత మూడుసార్లు చదివించారు. సర్వర్‌కి కూడా డెస్క్‌టాప్ పెట్టుకుందామా అన్నాను. "ఉన్నదే ఒక్క జీబీ ర్యామ్. దానికి బొమ్మలెందుకమ్మా, కమాండ్లు కొట్టే నల్ల తెర చాలు" అన్నారు.

పాప నిద్రకి వాలిపోయింది. షాపులో పడుకోబెట్టే చోటెక్కడిది? ఎవరో వార్డు నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్స్, డబ్బులివ్వక వదిలేసి వెళ్లింది, మూల చుట్టి ఉంది. దాన్ని నాలుగు మడతలేసి పేపరు బండిళ్ల పక్కన పరిచారు. పరిచి మళ్లీ తీసి తిరగేశారు, నాయకుడి మొహం కిందికి పోయేలా. "లేచి చూసిందంటే జడుసుకుంటాది" అన్నారు. అక్కడే నాకు గొంతు పట్టేసింది. సర్వర్ ఎవరైనా నేర్పిస్తారేమో, ఆ ఫ్లెక్స్ తిరగేసేవాళ్లు ఎంతమంది ఉంటారు?

నా అప్లికేషన్ బిల్డ్ చేస్తే, అంటే రాసిన కోడ్‌ని నడిచే రూపంలోకి మారుస్తుంటే, సర్వర్ "కిల్డ్" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. ర్యామ్ చాల్లేదు. డిస్కులో 2 జీబీ పక్కన పెట్టి స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు) ఇచ్చాం. చావలేదు గానీ నత్తలా పాకింది. పదకొండు దాటిపోయింది, ఇంటికి వెళ్లిపొమ్మన్నారు. "రేపు షాపు సెలవు. ఫ్లెక్సులు గీసే మెషీన్ 16 జీబీది, ఖాళీగానే ఉంటాది. మీరు ఇంట్లో కూర్చుని దాంట్లో బిల్డ్ చేసుకోండి, తయారైంది మాత్రం సర్వర్‌కి పంపండి."

ఆన్‌లైన్ అంతా జల్లెడ పట్టినా దొరకని ఉచిత రిమోట్ డెస్క్‌టాప్ నాకు మద్దిలపాలెంలో దొరికింది.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేసి, ఒక మెషీన్ తెరని ఇంకోచోట నుంచి వాడుకోనిచ్చే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌లో వచ్చిన పన్నెండు అంకెల కోడ్ చదివారు. నేను ఆరిలోవలో మా వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. మీ అకౌంట్‌తో ఒకసారి పిన్ పెట్టేసి ఇస్తే మీకు శ్రమ ఉండదు కదండీ అంటే ఒప్పుకోలేదు. "మీ అకౌంట్ నా మెషీన్లో ఉండకూడదు, నా తాళం మీ దగ్గర ఉండకూడదు. నిన్ననే కదమ్మా చెప్పాను." సరే అన్నాను. మెషీన్ ఆన్ చేసి ఇంటికెళ్లిపోయి ఉంటారనుకున్నాను. పని చేసుకుంటూ పోయాను. ఒక్కసారి కూడా కనెక్షన్ తెగలేదు.

రాత్రి తొమ్మిదింటికి లింకు తెరుచుకుంది. ఫోన్ చేసి అయిపోయిందండీ అన్నాను.

"హమ్మయ్య. అయితే నేను ఇంటికెళ్లొచ్చా అమ్మా?"

కోడ్ ఇచ్చి పంచుకున్న తెర అలా ఊరికే ఉండదట. ప్రతి అరగంటకీ ఇంకా కొనసాగించమంటారా అని ఒక గడి వస్తుంది, ఆ మెషీన్ ముందున్న మనిషి అవునని నొక్కాలి. నొక్కకపోతే తెగిపోతుంది. ఆయన తన సెలవు రోజున, మూసిన షట్టర్ లోపల, నేను ఎవరో కూడా తెలీకుండా, రెండు నుంచి తొమ్మిది దాకా కూర్చుని అది నొక్కుతూనే ఉన్నారు. లెక్కేశాను. ఏడు గంటలు, తక్కువలో తక్కువ పదమూడుసార్లు. నాకు ఒక్క మాట చెప్పలేదు. చెప్తే నేను కంగారుపడి తప్పులు చేస్తానట.

ఫోన్ పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. అత్తయ్య ఏమైందో అని పరిగెత్తుకొచ్చారు.

డబ్బులివ్వబోతే రెజ్యూమ్ రెండు కాపీలకి 8 రూపాయలు తీసుకున్నారు. పేరు, షాపు పేరు రాయొద్దన్నారు. దయచేసి కామెంట్లలో అడగకండి.

ఇక నా మంట కూడా రాసేస్తాను, ఎలాగూ ఈ రాత్రి నిద్ర రాదు. ఉచితం అని పెద్దక్షరాలతో రాసి మొదటి గడిలోనే కార్డు అడగడం ఏం ఉచితం? దొంగతనం చేసేవాళ్లని ఆపడానికేనంటారు, నిజమే కావచ్చు. అయినా కార్డు లేనివాళ్లే కదా చివరికి ఆ టెలిగ్రామ్ ఛానెళ్లలో పడేది, నాలాగ? మైక్రోసాఫ్ట్ వాళ్లు విద్యార్థులకి కార్డు లేకుండానే 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు, కాలేజీ మెయిల్ చూపిస్తే చాలు. నేను విద్యార్థిని కాదు, ఉద్యోగిని కాదు, మా కాలేజీ మెయిల్ ఎప్పుడో మూసేసింది. పిల్లని పెంచుకుని తిరిగొచ్చేదానికి ఏ ఫారంలోనూ గడి లేదు. మన విశాఖకి 15 బిలియన్ డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ కడతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. రావాలి, మా పిల్లలకి పనికొస్తుంది. నాకు కావలసింది ఒక జీబీ, అది ఒరెగాన్‌లో దొరికింది. మూడు రోజులు ఊరికే పని చేయించుకునే కంపెనీలు కనీసం సర్వర్ అయినా ఇవ్వొచ్చు కదా.

ఇవాళ ఇంటర్వ్యూ అయింది. వారంలో చెప్తామన్నారు. లింకు తెరిచి చూశారో లేదో కూడా తెలీదు, దాని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

మా ఆయన పోర్టులో నైట్ షిఫ్టులు చేస్తూ కూడా పాపని స్కూలుకి దింపారు. అత్తయ్య వంట చూసుకున్నారు. మరిది సంగతి రాశాను కదా. థాంక్స్.

అయ్యో, ఆదివారం చేపల పులుసు క్యారేజీ షాపుకే పంపిన ఆ పిన్నిగారికి! మధ్యాహ్నం భోజనానికి ఎదురుచూసి ఉంటారు, వాళ్ల ఆదివారం నా మూలంగా పోయింది. ఇంకా, శనివారం రాత్రి హనుమంతవాక దగ్గర దించేయకుండా నిద్రపోతున్న పాపని చూసి ఇంటి సందు దాకా వచ్చిన ఆటో అతనికి. హైదరాబాద్ నుంచి లింకు తెరిచి చూసి "వస్తోందే!" అని అరిచిన నా స్నేహితురాలికి. స్వాప్ గురించి ఎన్నేళ్ల కిందటో ఎవరికో వివరంగా జవాబు రాసి పెట్టిన ఆ ఊరూపేరూ తెలియని మనిషికి.

షాపు పక్కన టీ బండి కుర్రాడు, పేరు అడగడం మర్చిపోయాను. రెండు టీలు, పాపకి ఒక బన్ను. ముప్పై రూపాయలు బాకీ ఉన్నాను బాబూ, రేపు ఇస్తాను.