నువ్వని పిలవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

మారతహళ్లి, బెంగళూరు
ఆదివారం రాత్రి

ఒరేయ్ శ్రీనూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "నేను ఏది నొక్కినా మీ సుధాకర్ అన్నయ్య ఒకటే మొహం పెడతాడేంట్రా" అన్నావు చూడు, ఒళ్ళు మండిపోయింది. ఆర్నెల్ల నుంచి ఆఫీసు అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని రాసుకున్న గేమ్ అది, ఆడేవాడు మాటలు ఎంచుకుంటుంటే రూమ్మేట్ సుధాకర్ బదులిస్తూ నడిచే కథ. రెండోసారి విన్నాక మాత్రం నోరు మూసుకున్నాను. నువ్వన్నది నిజమే. కాకపోతే నువ్వు చెప్పిన కారణం వేరు, నాకు దొరికిన కారణం వేరు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డొస్తావని ఇలా రాస్తున్నాను.

సుధాకర్‌ని మొదట ఎలా తయారుచేశానో చెప్తాను, బ్యాంకోడివి కాబట్టి నీకు లెక్క నచ్చుతుంది. 'దగ్గరితనం' అని ఒక అంకె పెట్టాను, 0 నుంచి 100 దాకా. నువ్వు మంచిగా మాట్లాడితే పెరుగుతుంది, విసుక్కుంటే తగ్గుతుంది. ఛాయిస్‌స్క్రిప్ట్ అని ఇలాంటి కథలు రాసుకునే ఒక పద్ధతి ఉంది, లెక్క అందులోంచే తీసుకున్నా. అందులో '20 శాతం పెంచు' అంటే ఉన్నదానికి 20 కలపడం కాదు. 100కి ఇంకా ఎంత తక్కువో అందులో 20 శాతం కలుపుతుంది. 50 దగ్గరుంటే 60 అవుతుంది. 90 దగ్గరుంటే 92, అంతే. అదే '20 శాతం తగ్గించు' అంటే 90 కాస్తా 72కి పడుతుంది. బాగా దగ్గరైనవాళ్ళు ఇంకాస్త దగ్గరవ్వడం కష్టం, ఒక్క మాటకి పడిపోవడం తేలిక. ఎవరు కనిపెట్టారో గానీ, స్నేహం సంగతి తెలిసినవాడే అనుకున్నాను. చాలా మురిసిపోయాను కూడా.

ఆ మురిపెం పోయిన వారం పోయింది. మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఒకావిడ ఉంది, నెల్లూరు. ఆమే, వాళ్ళాయనా రూముకొచ్చారు. ఇద్దరూ ఇంజినీరింగ్‌లో క్లాస్‌మేట్స్, ఇప్పటికీ నువ్వంటే నువ్వే. కింద బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తెచ్చి, లాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టాను. సుధాకర్ చెప్పకుండా బండి తీసుకెళ్ళి, పెట్రోలు ఖాళీ చేసి తెచ్చిన సీను గుర్తుందా? అప్పటికి కథలో ఇద్దరూ నెలన్నర నుంచి 'నువ్వు' అనుకుంటున్నారు. అక్కడ ఆడేవాళ్ళకి రెండు మాటలిచ్చాను. ఒకటి, "నా బండి తాళం ఎక్కడ పెట్టావ్?" రెండోది, "నా బండి తాళం ఎక్కడ పెట్టారు?"

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండోది నొక్కింది. 'పెట్టారు' అంటే మర్యాద కదా అని నా ప్రోగ్రామ్ దగ్గరితనాన్ని పది శాతం పెంచింది. సుధాకర్ పళ్ళికిలించి "ఇదిగో తమ్ముడూ, టేబుల్ మీదే ఉంది" అన్నాడు. ఆవిడ బజ్జీ చేతిలో పట్టుకునే నా వైపు తిరిగింది. "ఇదేంటండీ, నేను తిట్టాను కదా, ఈయన నవ్వుతాడేంటి?" వెనకాల వాళ్ళాయన, "మా ఇంట్లో 'మీరు కాఫీ తాగుతారా' అని వినపడితే నేను చెప్పులేసుకుని ఓ గంట బయట తిరిగొస్తా" అన్నాడు.

అప్పుడు తెలిసొచ్చిందిరా. 'మీరు' అనే మాటకి నేను ఒకే విలువ కట్టాను. మొదటి రోజు మీరు అంటే మర్యాద. నలభై రోజులు నువ్వు అన్నాక మీరు అంటే తలుపు మొహాన వేసినట్టు. మాట అదే, దాని ముందు ఏం జరిగిందో అదే తేడా. ఎంత తెలివైన లెక్కయినా అంకె దగ్గర ఆ 'ముందు' ఉండదు. 72 అంటే 72. పైనుంచి పడి 72కి వచ్చిందా, కిందనుంచి ఎక్కి వచ్చిందా అన్నది దానికి పట్టదు.

ఇంగ్లీషులో రాసేవాళ్ళకి ఈ గోల తక్కువ. వాళ్ళకి ఒక్క 'యు' ఉంది, దానితో కలెక్టర్‌నీ పిలుస్తారు, కుక్కనీ పిలుస్తారు. ఆడేవాడు సుధాకర్‌తో ఎలా ఉండాలనుకుంటున్నాడో తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. మనకి మొదటి వాక్యంలోనే అయిపోతుంది. "ఎక్కడి నుంచి వచ్చారు?" అన్నా, "ఎక్కడి నుంచి వచ్చావ్?" అన్నా నువ్వు ఒక చుట్టరికం కలిపేసినట్టే, లేదా కలపనన్నట్టే. మొదట్లో దీన్ని తలనొప్పి అనుకున్నాను. ఇప్పుడు ఇదే నా గేమ్ అనుకుంటున్నాను. ఆడేవాడికి 'స్నేహంగా మాట్లాడు', 'కోపంగా మాట్లాడు' అని బటన్లు ఇవ్వడమెందుకు? ఎలా పిలుస్తాడో అదే వాడి ఎంపిక. (ఒక మేలు కూడా ఉందిలే. 'నువ్వు వచ్చావు' అంటే ఆడో మగో తెలియదు, ఎవరైనా ఆడుకోవచ్చు. 'తమ్ముడూ' అన్న దగ్గర దొరికిపోతాను. అది ఇంకా తేల్చలేదు.)

కాబట్టి ఆ అంకె తీసేశాను. దాని బదులు సుధాకర్‌కి జ్ఞాపకాలు పెట్టాను. 'నువ్వు' అని ముందు ఎవరు అన్నారు, ఎన్నో రోజున, ఎవరి ఎదురుగా, మళ్ళీ 'మీరు'కి ఎవరు వెళ్ళారు. ఇది నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు. 2000లో ఎమిలీ షార్ట్ అనే రచయిత్రి 'గలటియా' అని ఇలాంటి గేమే ఒకటి రాసింది. అందులో ఉన్నదల్లా ఒక గది, ఒక మాట్లాడే శిల్పం. అక్కడ ఏం అడిగావన్నదే కాదు, ఏ వరసలో అడిగావన్నది కూడా లెక్కే. దాన్నిబట్టి ఆమె నీతో మెలిగే తీరు మారిపోతుంది, డజన్ల కొద్దీ ముగింపులున్నాయి.

ఇక నీ అసలు ఫిర్యాదుకి వస్తా. "నేను వాడితో ఫ్రెండ్ అవ్వాలని నొక్కితే అవ్వాలి కదా, లేకపోతే ఎంచుకోమనడం ఎందుకు" అన్నావు. ఇక్కడ మాత్రం నీతో ఒప్పుకోను. అది రైల్వే స్టేషన్లో బరువు మిషన్. రూపాయి వేస్తే చీటీ రావాల్సిందే, రాకపోతే తంతాం. సుధాకర్ మిషన్ కాదు. నువ్వు ఎలా పిలవాలో నీ ఇష్టం, వాడు ఎలా పలకాలో వాడి ఇష్టం. 'ఫసాడ్' అని 2005లో వచ్చిన గేమ్‌లో నువ్వు పాత స్నేహితుల ఇంటికి వెళ్తావు, మొగుడూ పెళ్ళాలు నీ ఎదురుగానే గొడవపడుతుంటారు. నోటికొచ్చింది టైప్ చేసుకోవచ్చు. హద్దు దాటితే ఆ మొగుడు నిన్ను బయటికి గెంటేస్తాడు. నన్ను గెంటాడు. ఆ రాత్రంతా నేనేమన్నానా అని ఆలోచించాను. అడిగినవన్నీ ఇచ్చే గేమ్ ఏదీ నాకు అంత నిద్ర చెడగొట్టలేదు.

అందుకని కొత్తదాంట్లో, రెండో రోజే 'నువ్వు' అన్నావనుకో, సుధాకర్ కోప్పడడు. "పర్లేదు" అంటాడు. ఆ సాయంత్రం నుంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకుంటాడు, అంతే. నీకు ఏ మెసేజూ కనపడదు. మూడు నెలలైనా 'మీరు' అంటూనే ఉన్నావనుకో, ఒకరోజు వాడే "ఏంది బ్రదర్, ఇంకా మీరేనా" అంటాడు. ఆ మాటకి నువ్వు ఏమంటావో దాన్నిబట్టే, ఉద్యోగం పోయిన సంగతి నీకు చెప్తాడా, రోజూ ఉదయం టక్ చేసుకుని ఆఫీసుకన్నట్టు బయల్దేరి మడివాళ దాకా బస్సెక్కి తిరుగుతాడా అన్నది.

పని మాత్రం మూడింతలైందిరా. ప్రతి వాక్యం 'వస్తావా', 'వస్తారా', 'వస్తావేంట్రా' అని మూడుసార్లు రాయాలి. నేను గేమ్ రాసే సాఫ్ట్‌వేర్ ట్వైన్‌లో ఒక్కో సీను ఒక్కో డబ్బా, వాటి మధ్య గీతలు. స్క్రీన్ చూస్తే మా వీధిలో కరెంటు స్తంభానికి వేలాడే కేబుళ్ళలా ఉంది. పైగా నా లెక్కలన్నీ కోస్తావి. మా ఓనరు పెద్దాయన కోలారు వైపు మనిషి, నేను దిగిన రోజే "ఏమప్పా, తింటివా" అన్నాడు. ఆయనకి నువ్వనడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు, నాకూ తప్పుగా అనిపించలేదు. మరి అనంతపురం నుంచి వచ్చిన సుధాకర్ రెండో రోజు 'నువ్వు'కి అలా ముడుచుకుపోతాడా? ఈ ప్రశ్న నిన్న రాత్రి తట్టింది. దీనికి జవాబు దొరికేదాకా ఆ సీను ముట్టుకోను.

అవునూ, మనిద్దరిలో ఎవరు ముందు 'ఒరేయ్' అన్నారు? హాస్టల్లో మొదటి వారం నువ్వు నన్ను 'ఏవండీ, బకెట్ మీదేనా' అని అడగడం గుర్తుంది. మీ గోదావరి అండీ. తర్వాత ఒరేయ్ ఎప్పుడు మొదలైందో ఎంత తవ్వినా గుర్తు రావట్లేదు. నీకు గుర్తుంటే రాయి, దొంగిలించి గేమ్‌లో పెట్టుకుంటా.

కొత్త ఫైలు రేపు పంపిస్తా. ఈసారి కాస్త ఓపిగ్గా ఆడు. మొదటి రోజే సుధాకర్‌ని 'ఒరేయ్' అనకు. అంటావని తెలుసు, అందుకే దానికీ ఒక సీను రాసిపెట్టా.

నీ
రాజుగాడు